గుడికి రానంటాడు, ఏలియన్లు వచ్చిపోయారంటే నమ్ముతాడు. ఈ రెండు నమ్మకాలకీ తేడా ఏంటి?

పానగల్_రోడ్ (నల్గొండ):

అందరికీ నమస్తే. మా ఇంట్లో చాలా రోజులుగా ఒక పంచాయితీ నడుస్తోంది, ఎంతకీ తెగట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తాడు. దేవుడు లేడంటాడు. అది వాడిష్టం, నేనేమీ అనను. మా నాయిన మాత్రం ప్రతి అమావాస్యకీ చెర్వుగట్టు శివాలయానికి పోతాడు, రాత్రి అక్కడే నిద్ర చేసి పొద్దున వస్తాడు, మోకాళ్ల నొప్పులున్నా ఆగకుండా పైన మూడు గుండ్ల దాకా ఎక్కుతాడు. తమ్ముడు అది చూసి నవ్వుతాడు. కంటికి కనబడనిదాన్ని ఎట్లా నమ్ముతారు, ప్రూఫ్ ఏది అంటాడు.

సరే బాగానే ఉంది. కానీ అదే మనిషి రాత్రి రెండింటిదాకా ఏలియన్ల వీడియోలు చూస్తాడు. అమెరికా వాళ్లు ఏలియన్ల షిప్పులు దాచిపెట్టారట, పిరమిడ్లు మనుషులు కట్టినవి కావట, మన పుష్పక విమానం కూడా అసలు వేరే గ్రహం నుంచి వచ్చిన షిప్పేనట. వీటికి ప్రూఫ్ ఏదిరా అంటే 'గవర్నమెంట్లు దాస్తున్నయ్ అక్కా, అదే ప్రూఫ్' అంటాడు!

మొన్న పండక్కి వచ్చినప్పుడు మా పాపను తీసుకుని పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోయాం. లోపల లింగం మీద పొద్దంతా స్తంభం నీడ కదలకుండా పడుతుంది కదా, ఈ పక్క వాళ్లందరికీ తెలిసిందే. అది చూపించి వీడు పాపకు చెప్తున్నాడు, ఆ కాలంలో మనుషులకు ఇంత తెలివి ఎక్కడిది, పైనుంచి దిగినవాళ్లు నేర్పి ఉంటారు అని. నాయిన పక్కనే ఉన్నాడు, ఇక చూడండి. 'నా దేవుణ్ణి నమ్మవు గానీ, నా దేవుడికి గుడి కట్టినోడు ఆకాశం నుంచి దిగిండంటే నమ్ముతవా' అని గుడి మెట్ల మీదే గట్టిగా అరిచాడు. కారులో ఇంటికొచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

నేను ఇద్దరి మధ్యలో ఉన్నా. పండగలకు గుడికి పోతా, రోజూ దీపం పెడతా, అంతకుమించి పట్టించుకోను. నా ప్రశ్న ఏంటంటే, ఈ రెండు నమ్మకాలూ నిజంగా ఒకటేనా? లేక తమ్ముడు అన్నట్టు ఒకటి మూఢనమ్మకం, ఒకటి సైన్సా? తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్.

---

పాలమూరు_ఫిజిక్స్ (మహబూబ్‌నగర్):

అమ్మా, నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం క్లాసు పీకుతాను, ఓపిక పట్టండి.

ముందు మీ తమ్ముడి మాటల్లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. ఈ విశ్వంలో ఇంకెక్కడైనా జీవం ఉందా అనేది ఒకటి. అది సైన్సు ప్రశ్నే. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పటికే 5,500కు పైగా దొరికాయి, 1961లోనే డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇలాంటి నాగరికతలు ఎన్ని ఉండొచ్చో ఆలోచించడానికి ఒక సూత్రం రాశాడు, పెద్ద పెద్ద రేడియో టెలిస్కోపులతో వెతుకుతూనే ఉన్నారు. 1977 ఆగస్టు 15న ఒహాయోలో ఒక టెలిస్కోపుకు 72 సెకన్లు గట్టి సిగ్నల్ వచ్చింది, మళ్లీ రాలేదు. వెతకడంలో తప్పేమీ లేదు. ఇప్పటిదాకా ఏమీ దొరకలేదు, అంతే.

వాళ్లు ఇక్కడికి వచ్చారా అనేది రెండోది. జనం మొదటిదానికి తలూపి, ఆ ఊపులోనే రెండోదానికి కూడా తలూపేస్తారు. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా, అది 4.24 కాంతి సంవత్సరాల దూరం, అంటే వెలుతురుకే అక్కడికి పోవడానికి నాలుగేళ్లు దాటుతుంది. నాసా పంపిన వాయేజర్ 1 నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది, ఆ వేగంతో అక్కడికి చేరాలంటే 75 వేల ఏళ్ల దాకా పడుతుంది. వాళ్ల దగ్గర మనకంటే మంచి ఇంజిన్లు ఉండొచ్చు, కాదనను. కానీ అంత దూరం వచ్చినవాళ్లు ప్రతిసారీ మసక వీడియోలోనే దొరకడం ఏంటో నాకైతే అంతుబట్టదు.

అమెరికా వైమానిక దళం ఆకాశంలో వింత వస్తువులు చూశామంటూ 1947 నుంచి 1969 దాకా వచ్చిన 12,618 రిపోర్టులు పరిశీలించింది. 701 తేలలేదు. మీ తమ్ముడి లాంటి వాళ్లు ఆ 701 పట్టుకుంటారు. తేలలేదంటే సమాచారం చాల్లేదని, అంతేగానీ షిప్పని కాదు. 2021 జూన్‌లో అమెరికా నిఘా విభాగం వాళ్లు ఇంకో రిపోర్టు ఇచ్చారు, 144 సంఘటనలు చూస్తే గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే, అది గాలి పోతున్న బెలూన్. మిగతా వాటికి డేటా సరిపోలేదని రాశారు. 2024 మార్చిలో పెంటగాన్‌లో (అమెరికా రక్షణ శాఖ) ఇలాంటివి చూసే ఆఫీసు వాళ్లు పాత ఫైళ్లన్నీ తిరగేసి, వేరే గ్రహాల టెక్నాలజీ ఉందనడానికి ఆధారం ఏదీ లేదని చెప్పారు. దాస్తున్నారు కాబట్టే ఆధారం లేదంటే ఇక వాదనే ఉండదు, ఎందుకంటే ఏ జవాబు వచ్చినా వాడి మాటే నెగ్గుతుంది. ప్రూఫ్ ఏది అని మీ నాయినగారిని అడిగినవాడు అదే గొంతుతో యూట్యూబ్‌ను కూడా అడగాలి కదా.

ఇక పానగల్ నీడ. ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు. ఆ గర్భగుడిలోకి నేరుగా ఎండ పడదు. మండపం ముందు, పక్కల ఉన్న ఖాళీల్లోంచి చెదిరిన వెలుతురు లోపలికి వస్తుంది, దారిలో స్తంభాలు అడ్డం ఉంటాయి, ఆ వెలుతురుకే నీడ పడుతుంది. సూర్యుడు కదిలితే నేరుగా పడే ఎండ దిక్కు మారుతుంది, కానీ ఖాళీలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి, వెలుతురు వాటిలోంచే వస్తుంది, అందుకే నీడ కదలదు. పిల్లలతో అట్టపెట్టె, నాలుగు క్యాండిళ్లు పెట్టి చేయించవచ్చు, నేను చేయించాను.

కట్టింది ఈ పక్క ఏలిన కందూరు చోడ రాజులు, 11, 12 శతాబ్దాల నాటి మాట. ఆ గుడి పక్కనే ఉదయ సముద్రం చెరువు ఉంది చూశారుగా, అదీ వాళ్ల కాలందే. ఆ చెరువు ఎవరు తవ్వారంటే మన కూలీలని ఒప్పుకుంటారు, గుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏలియన్లా? అది నాకు కోపం తెప్పిస్తుంది. చెప్పాలంటే మీ నాయినగారి కోపం సరైన చోటే పడింది.

---

మూఢం_వద్దు (మిర్యాలగూడ):

సార్ ఏలియన్లను చీల్చి చెండాడారు, దేవుడి దగ్గరికి వచ్చేసరికి మెత్తగా వదిలేశారు. నేను వదలను.

1995 సెప్టెంబర్ 21 గుర్తుందా? దేశమంతా వినాయకుడు పాలు తాగాడన్నారు. మా ఇంటి పక్క గుడి ముందు చెంబులు పట్టుకుని లైన్లు. పాలకు రంగు కలిపి పోసి చూస్తే విగ్రహం మీదుగా సన్నటి పొరలాగా కిందికి జారిపోతున్నాయని సైంటిస్టులు చూపించారు. దాని తర్వాత ఎంతమంది ఒప్పుకున్నారు? మా పెదనాయిన ఇప్పటికీ 'ఆరోజు నా చేత్తో తాగించిన' అంటాడు. మసక వీడియో చూసి షిప్పు అన్నవాడికి, చెమ్చాలో పాలు తగ్గితే దేవుడన్నవాడికి తేడా నాకు కనిపించట్లేదు.

పైగా ఇక్కడ బాణామతి (చేతబడి) పేరు చెప్పి ముసలోళ్లను కొట్టినవాళ్లు, చంపినవాళ్లు ఉన్నారు, మన జిల్లాల్లో పేపర్ చదివే ఎవరికైనా తెలుసు. ఏలియన్ల వీడియో చూసి ఎవరూ పక్కింటోణ్ణి కొట్టలేదు, ఆ లెక్కన తమ్ముడే నయం అనిపించేది. కానీ అదీ పూర్తి నిజం కాదు. 1997 మార్చిలో అమెరికాలో, శాన్ డియాగో దగ్గర 39 మంది ఒకే ఇంట్లో ప్రాణాలు తీసుకున్నారు. హేల్-బాప్ తోకచుక్క వెనకాల షిప్పు వస్తోంది, ఒళ్లు వదిలేస్తే అందులోకి ఎక్కుతాం అని వాళ్ల గురువు చెప్పాడు. ఫ్రాన్స్‌లో ఒకాయన 1973లో నాకు వేరే గ్రహం వాళ్లు కనిపించారు, మనుషుల్ని తయారుచేసింది వాళ్లే అని చెప్పి ఏకంగా మతమే పెట్టాడు, శిష్యులు కూడా దొరికారు. అంటే దేవుణ్ణి తీసేసి ఆ పీట మీద ఏలియన్‌ను కూర్చోబెట్టారు, గురువు, శిష్యులు, చందాలు అన్నీ సేమ్.

అక్కా, రెండూ ఒకటే. నా మాట ఇదే, ఎవరికి నచ్చకపోయినా.

---

కందూరు_కబుర్లు (హుజూర్‌నగర్):

మిర్యాలగూడ భాయ్ కోపం అర్థమైంది, బాణామతి సంగతిలో నేను మీ పక్కే. కానీ రెండూ ఒకటే అంటే ఒప్పుకోను. నేను నమాజు చదివేవాణ్ణి, కాబట్టి నమ్మేవాడి వైపు నుంచి చెప్తాను.

ఒక విషయం, ఏలియన్లు ఉంటే మతాలు కూలిపోతాయని చాలామంది అనుకుంటారు. ఎందుకు కూలుతాయి? ఖురాన్‌లో 42వ సూరాలో ఆకాశాలను, భూమిని, వాటిలో ఆయన వ్యాపింపజేసిన జీవులను గురించి ఉంది. మీరు వెంకన్నను అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడంటారు, పద్నాలుగు లోకాలంటారు. 2008లో వాటికన్ అబ్జర్వేటరీ పెద్దే, ఆయన ఫాదర్ కూడా, ఏలియన్లను నమ్మడం దేవుడి మీద విశ్వాసానికి అడ్డం కాదన్నాడు. కోట్ల లోకాలు ఉన్నాయని ముందే చెప్పుకున్నవాళ్లకు ఇంకో గ్రహంలో ఇంకో ప్రాణి ఉంటే వచ్చే టెన్షన్ ఏముంది.

నా దృష్టిలో తేడా ఇంకోచోట ఉంది. నా నమ్మకం నన్ను పని అడుగుతుంది. తెల్లవారకముందే లేవమంటుంది, రంజాన్‌లో ఎండాకాలమైనా నీళ్లు ముట్టొద్దంటుంది, మిగిలిన సొమ్ములో రెండున్నర శాతం పేదలకు తీసిపెట్టమంటుంది. అక్కా, మీ నాయిన నొప్పి మోకాళ్లతో గుట్ట ఎక్కుతున్నాడంటే ఆయన నమ్మకం కూడా ఆయన్ని పని అడుగుతోంది. మీ తమ్ముణ్ణి ఏలియన్ ఏం అడిగింది? డేటా ప్యాక్ తప్ప.

మా దగ్గర జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు రండి ఒకసారి. గంధం ఊరేగింపు చూడ్డానికి, కందూరు (మొక్కు విందు) చేయడానికి వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ అనిపిస్తుంది నాకు. సైదులు అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఈ పక్క ఎన్ని లేవు. అక్కడ యాటను కోసి, అన్నం వండి, తెలియనివాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తింటారు. (మా బావమరిది అసలు దర్గాలకే పోవద్దంటాడు, అది తప్పంటాడు, అది మా ఇంటి పంచాయితీ, అది వేరే.) అల్లా ఉన్నాడని ల్యాబులో చూపించమంటే చూపించలేను. చూపిస్తానని నేనెప్పుడూ అనలేదు కూడా. ఏలియన్ల వాళ్లు మాత్రం చూపిస్తామనే మొదలుపెడతారు.

---

మూఢం_వద్దు (మిర్యాలగూడ):

కందూరు అన్నం నేనూ తిన్నా భాయ్, చాలా బాగుంటుంది. అన్నం బాగుంటే ఆర్గ్యుమెంట్ కరెక్టని కాదు కదా 😄 ఆ 39 మంది నమ్మకం వాళ్లను ఏకంగా ప్రాణమే అడిగింది. నమ్మకం ఎంత పని అడిగితే అంత గొప్పది అనుకుంటే మనం ఎక్కడికో పోతాం.

---

కందూరు_కబుర్లు (హుజూర్‌నగర్):

అది కరెక్టే. కష్టపెడితేనే నిజమని నేను అనలేదు. మన ముందున్న మనిషికి అన్నం పెట్టించేది, మనిషిని మనిషికి దూరం చేసేది వేరుగా చూడాలంటున్నా. రెండు రకాలూ మతంలో ఉన్నాయి, ఒప్పుకుంటా.

---

కల్వకుర్తి_చుక్కలు:

అందరూ కలిసి తమ్ముణ్ణి ఏకిపారేస్తున్నారు, ఆయన తరఫున ఒక్కడైనా ఉండాలి కదా. నేను ఏలియన్లు వచ్చారని అనుకునేవాణ్ణి. నూటికి నూరు కాదు, అరవై అనుకోండి.

సార్, మీరు రిపోర్టులు చెప్పారు, ఆ రిపోర్టులు ఇచ్చింది ఎవరు? రోస్వెల్ సంగతి తీసుకోండి. 1947 జూలైలో న్యూ మెక్సికోలో ఏదో పడితే మొదట ఎగిరే పళ్లెం దొరికిందని సైన్యమే ప్రకటన ఇచ్చింది, తర్వాత కాదు కాదు వాతావరణ బెలూన్ అంది. మళ్లీ 1994లో అది వాతావరణ బెలూన్ కూడా కాదు, రష్యా అణు పరీక్షలు పసిగట్టడానికి రహస్యంగా వదిలిన మొగల్ ప్రాజెక్టు బెలూన్ అని ఒప్పుకుంది. అంటే 47 ఏళ్లు అబద్ధం చెప్పారన్నమాట నిజమే కదా. ఒకసారి అంతకాలం అబద్ధం చెప్పినవాణ్ణి 2024లో నమ్మమంటే ఎట్లా?

ఇంకొకటి. 2004 నవంబర్‌లో కాలిఫోర్నియా తీరం దగ్గర నేవీ పైలట్లు తెల్లగా పొడుగాటి మాత్ర ఆకారంలో ఒకదాన్ని కళ్లారా చూశారు, రెక్కల్లేవు, పొగ లేదు. వాళ్ల కమాండర్ ఫ్రేవర్ 2023 జూలైలో అమెరికా చట్టసభ ముందు ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఆయన యూట్యూబర్ కాదు, ఫైటర్ జెట్ నడిపినాయన. అదే రోజు గ్రష్ అనే మాజీ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ కూడా మా గవర్నమెంటు దగ్గర మనుషులు చేయని వాహనాలున్నాయని చెప్పాడు. ఆయన స్వయంగా చూడలేదు, చూసినవాళ్లు చెప్పారన్నాడు, అది నాకూ తెలుసు, అందుకే అరవై అన్నా.

నేనెందుకు నమ్ముతానో కూడా నిజం చెప్తా. ఒకప్పుడు మాకు మోటర్లకు కరెంటు రాత్రిపూటే వచ్చేది, బాయి కాడ మంచం వేసుకుని పడుకునేవాళ్లం. చుట్టూ లైటు ఉండదు. పైన అన్ని చుక్కలు చూశాక ఇంత ఉండి మనం ఒక్కళ్లమే అంటే మనసొప్పదు. అది సైన్సు కాదు, నాకు తెలుసు. కానీ గుడిలో మీకు వచ్చే ఫీలింగు కూడా అట్లాంటిదే కావచ్చు. నేను చైత్ర పౌర్ణమికి సలేశ్వరం కూడా పోతా, నల్లమలలో ఆ రాళ్లల్ల దిగుతూ 'వస్తున్నాం లింగమయ్యా' అని అందరితో కలిసి అరుస్తా. ఒకటి నమ్మితే ఇంకోటి వదిలేయాలని రూల్ ఎక్కడా లేదు.

సార్‌కు ఒక ప్రశ్న. ఈ మధ్య పొద్దుగూకాక మా ఊరి మీదుగా వరుసగా లైట్లు పోయినయ్, ఇరవై పైనే, ఒకదాని వెనక ఒకటి, సప్పుడు లేదు. ఊరంతా బయటికొచ్చి చూశారు. పూజారి గారు శకునం అన్నారు, పోరగాళ్లు ఏలియన్ అన్నారు. మీరేమంటారు?

---

దేవరకొండ_టీచరమ్మ:

ఈ లైట్ల మాట వినగానే నాకు స్కైలాబ్ గుర్తొచ్చింది. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం, 77 టన్నులది, కిందపడబోతోంది, ఎక్కడ పడుతుందో చెప్పలేమన్నారు. మన తెలంగాణ ఊళ్లల్లో అది అచ్చంగా మా ఊరి మీదే పడుతుందని పుకారు. ఎట్లాగూ చస్తాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నారు, దాచుకున్న పైసలు ఖర్చు చేశారు, అప్పులిచ్చినవాళ్లు వసూలుకు తిరిగారు, గుళ్లల్లో రాత్రంతా భజనలు. రేడియోలో ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. జూలై 11న అది పోయి హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. అక్కడ ఎస్పరెన్స్ అనే ఊరి వాళ్లు మా ఊళ్లో చెత్త పారేశారని నాసాకు 400 డాలర్ల ఫైన్ వేశారు. మన వాళ్లేమో తెల్లారి ఖాళీ కోళ్ల గూళ్లు చూసుకున్నారు.

నేను ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడ వస్తువు నిజం, అది పడడమూ నిజం, లెక్కలు కట్టింది సైంటిస్టులే. మన ఊరి నెత్తిన పడుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు, మనమే కలుపుకున్నాం. ఈ పానగల్ అమ్మాయి తమ్ముడు చేస్తున్నదీ అదే అనిపిస్తోంది. గ్రహాలు నిజం, పైలట్లు ఏదో చూడడం నిజం, ఆ పైన కలుపుకున్నది ఎంతో ఆయనే చూసుకోవాలి.

---

కృష్ణ_ఒడ్డు (మక్తల్):

పానగల్ గురించి సార్ చెప్పింది చదివాక మా ముడుమాల్ గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నా. నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డున ఉంటుంది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది కాబట్టి పేపర్లో చూసే ఉంటారు. మనిషి ఎత్తుకు రెండింతలున్న నిలువురాళ్లు 80 దాకా, చిన్న రాళ్ల వరుసలైతే వేలల్లో. మూడున్నర వేల ఏళ్ల కిందటివంటున్నారు. అయనాలు (ఉత్తరాయణం, దక్షిణాయనం) మారే రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కుకు కొన్ని వరుసలు సరిగ్గా కుదురుతాయి. ఒక రాయి మీద గుంటలు చెక్కి ఉంటాయి, అది సప్తర్షి మండలం.

దీనికి కూడా తయారయ్యారు. డ్రోన్ వేసుకుని వచ్చి ఏలియన్ల ల్యాండింగ్ స్పాట్ అని థంబ్‌నెయిల్ పెడుతున్నారు. పశువులు కాసుకునేవాళ్లకు నక్షత్రాలు తెలియవా? క్యాలెండర్ లేని రోజుల్లో వాన ఎప్పుడొస్తుందో, ఏరు ఎప్పుడు పొంగుతుందో తెలియకపోతే బతికేదెట్లా? ఏళ్ల తరబడి ఒకే చోట కూర్చుని సూర్యుడు ఎక్కడ మునుగుతున్నాడో చూసి అక్కడ రాయి పాతితే చాలు, షిప్పు అక్కర్లేదు. మా ఇంట్లో పెద్దోళ్లు ఫలానా గుట్ట చివర పొద్దు మునిగితే చలి తగ్గుతుందని ఇప్పటికీ చెప్తారు.

ఇంకో మాట. ఇన్ని రాళ్లు ఇన్నాళ్లు మిగలడానికి నమ్మకం కూడా ఒక కారణం అనుకుంటా నేను. ఊరివాళ్లు వీటిని నిలువురాళ్ల తిమ్మప్ప అంటారు, ఒక రాయిని ఎల్లమ్మగా మొక్కుతారు. ఎల్లమ్మను పెకిలించి ఎవడు గట్టుకు వేసుకుంటాడు? మొక్కని రాళ్లు ఎన్ని పొలాలు చదును చేసేటప్పుడు పోయాయో. పాతినవాళ్లు ఏ దేవుణ్ణి తలుచుకుని పాతారో గానీ ఇప్పుడు పసుపు కుంకుమ పెట్టే అవ్వకు ఆ సూర్యుడి లెక్క తెలియదు, తెలియకుండానే కాపాడింది. ఏలియన్ వీడియో వాళ్లు వచ్చి రాళ్లెక్కి ఫొటోలు దిగి పోతారు. మూఢం భాయ్, దీనికేమంటారు?

---

మూఢం_వద్దు (మిర్యాలగూడ):

ఎల్లమ్మకు ఒక మార్కు ఇస్తున్నా. ఒక్కటే.

---

పాలమూరు_ఫిజిక్స్ (మహబూబ్‌నగర్):

కల్వకుర్తి బాబుకు జవాబు. నువ్వు చూసినవి ఇంటర్నెట్ కోసం వదిలే స్టార్‌లింక్ ఉపగ్రహాలు అయ్యే అవకాశమే ఎక్కువ. 2019 మే నుంచి గుంపులు గుంపులుగా వదులుతున్నారు, వదిలిన కొత్తలో ఒకే వరుసలో పోతాయి, తర్వాత దూరం జరుగుతాయి. మనకు ఇక్కడ చీకటి పడ్డా అంత ఎత్తులో వాటికి ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది, అందుకే పొద్దుగూకాక, తెల్లవారుజామున మాత్రమే మెరుస్తాయి, నడిరాత్రి కనిపించవు. ఈసారి కనిపిస్తే టైము, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయాయి రాసిపెట్టుకో, ఉపగ్రహాల యాప్‌లో ఆ టైముకు సరిపోల్చు. సరిపోకపోతే నాకు మెసేజ్ పెట్టు, నిజంగానే పెట్టు, నాకూ ఉత్సాహమే.

ఫ్రేవర్ చూసింది ఏంటో నేను చెప్పలేను, ఆయన అబద్ధమాడాడనీ అనను. రోస్వెల్‌లో సైన్యం అబద్ధమాడిందన్నావు, నిజమే. కానీ ఆ అబద్ధం కింద ఏముంది? మళ్లీ బెలూనే. వాళ్లు దాచింది రష్యా మీద గూఢచర్యాన్ని. గవర్నమెంటు దాస్తుందంటే నమ్ముతా, దాచినదల్లా ఏలియనే అంటే నమ్మను.

మన పక్కనే జరిగింది చూడు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో పెద్ద తెల్లటి గుండ్రటి డబ్బా దిగింది, జనం ఎగబడ్డారు, ఫోన్లలో ఏలియన్ షిప్పని తిరిగింది. అది స్పెయిన్ కంపెనీ ఒకటి మనుషుల్ని బెలూన్‌లో అంతరిక్షం అంచుకు తీసుకుపోవాలని చేస్తున్న ట్రయల్, మనుషుల్లేని క్యాప్సూల్, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేశారు. ఆ కేంద్రం ఎన్నో ఏళ్లుగా బెలూన్లు వదులుతోంది, అవి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి, తర్వాత పరికరాలు ప్యారాషూట్‌తో ఎవరి పొలంలోనో దిగుతాయి. దిగితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పాలి. న్యూ మెక్సికోలో పడ్డదీ బెలూనే, మర్పల్లిలో దిగిందీ బెలూన్ సరుకే. ఇక్కడ వెంటనే చెప్పేశారు కాబట్టి కథ అక్కడికే అయిపోయింది. అక్కడ 47 ఏళ్లు చెప్పలేదు కాబట్టి ఇప్పటికీ నీకూ నాకూ వాదన నడుస్తోంది.

---

కల్వకుర్తి_చుక్కలు:

సరే సార్, లైట్ల సంగతి ఒప్పుకుంటా. యాభై ఐదుకు దిగిన.

---

పానగల్_రోడ్ (నల్గొండ):

అందరికీ చాలా థాంక్స్. ఇంత బాగా, తిట్టుకోకుండా మాట్లాడతారనుకోలేదు. తమ్ముడికి లింకు పంపా, మొత్తం చదివాడు. పానగల్ సంగతి ఒప్పుకున్నాడు, అట్టపెట్టె ఎక్స్‌పెరిమెంటు పాపతో వీడియో కాల్‌లో చేయిస్తానన్నాడు. నేవీ పైలట్ సంగతి మాత్రం ససేమిరా వదలనన్నాడు, కల్వకుర్తి అన్న తనకు బాగా నచ్చాడట. గుడికి ఇప్పటికీ రాడు, నేనూ ఇక అడగను.

నాయినకు కూడా చదివి వినిపించా. కందూరు మాటకు తలూపాడు, మూఢం_వద్దు గారి మాటకు ఏదో గొణిగాడు, ఇక్కడ రాయను. మర్పల్లి డబ్బా దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి కూర్చున్నాడు. అందులో మనుషుల్ని ఎప్పటినుంచి ఎక్కిస్తరు, టికెట్ ఎంతుంటదని అడుగుతున్నాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.